బోరుకు కట్టిన ఎర్త్ వైరు

నేను కట్టిన ఎర్త్ వైరు వల్ల ఒక మనిషి చచ్చిపోయేవాడు. ఆ మనిషి పాటలు నేను ఏడో తరగతి నుంచి వింటున్నాను. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

ముందు పాటల సంగతి చెప్తాను.

తాండూరులో మొబైల్ షాపుల వాళ్లు మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. ఏ పాటలు కావాలని అడిగేవాళ్లు కాదు. "కొత్తయి ఎక్కించు" అంటే చాలు, జానపదాలు, డీజే పాటలు, బోనాల పాటలు, సినిమా పాటలు అన్నీ కలిపి కార్డు నిండేదాకా ఎక్కించేవాళ్లు. మా నాన్న ఫోనుకు అలా నింపిన కార్డులో తొమ్మిది ఫైళ్లకు పేర్లు లేవు. ట్రాక్ ఒకటి, ట్రాక్ రెండు, అంతే. మొదటిది నొక్కాను. ఒక గిటార్ ఒక్కటే మోగింది. నిమిషం దాటినా గొంతు రాలేదు. ఫైలు పాడైందేమో అనుకునేలోపు ఒకాయన తెలుగులో, మేం ఇంట్లో మాట్లాడే తెలుగులో, పాడటం మొదలుపెట్టాడు. కోపంగా ఉన్నాడు. సినిమా హీరో కోపం కాదు. గంట నుంచి బస్సు రాకపోతే మనిషికి వచ్చే కోపం.

అమ్మ వంటింట్లోంచి అంది, "గవేం పాటలురా? పాలిష్ మిషిన్ల బండ ఇరికినట్టున్నది."

అది హైదరాబాదు రాక్ బ్యాండ్ అని, నలుగురే ఉంటారని తెలుసుకునేసరికి నేను పదో తరగతికి వచ్చాను. తర్వాత వికారాబాద్‌లో పాలిటెక్నిక్, ఎలక్ట్రికల్ బ్రాంచి. రోజూ తాండూరు నుంచి ప్యాసింజర్ రైలు. రైలు కదలగానే ట్రాక్ ఒకటి పెడితే వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద ట్రాక్ తొమ్మిది అయిపోయేది. ధారూర్‌లో క్రాసింగ్ పడిన రోజు మొదటి మూడు పాటలు రెండోసారి వచ్చేవి. మూడేళ్లు అలా తిరిగాను.

నాకు ఏదైనా నచ్చితే దానికి పట్టిక వేస్తాను. బ్యాండ్‌కు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాను. పాట, నిడివి, ఏ వీడియోలో పాడారు, ఆ రోజు ఏ గిటార్ వాడారు. ఫోన్ డేటా చవకయ్యాక వాళ్ల షోల వీడియోలు ముప్పై ఒకటి దొరికాయి. అన్నింట్లో మొదటి పాట అదే, ట్రాక్ ఒకటి. పాడే ఆయనే వాయిస్తాడు, గిటార్ ఒక్కటే నిమిషం యాభై సెకన్లు. తర్వాత ఆయన ఎడమ చేత్తో తీగలన్నింటినీ ఒక్కసారి అదిమి పట్టి, కుడిచేత్తో మైకు పట్టుకుని, దానికి పెదాలు ఆనించి మొదటి మాట పాడతాడు. ముప్పై ఒకటికి ముప్పై ఒకటి, తేడా లేదు.

ఎదురుగా మాత్రం ఎప్పుడూ చూడలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. మొదటిసారి మర్నాడే సప్లిమెంటరీ పరీక్ష. రెండోసారి షో ఒక బార్‌లో. నాకు ఇరవై ఏళ్లు, గేటు దగ్గరే ఆపేశారు. మూడోసారి, అప్పటికి తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో ఎలక్ట్రీషియన్‌గా చేరాను, బయలుదేరే రోజున కటింగ్ మిషన్ మోటారు కాలిపోయింది.

నాలుగోసారి వాళ్లే వచ్చారు. వికారాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వార్షికోత్సవం. స్టేజీ, టెంట్లు, కరెంటు పని మా మేనమామకు దక్కింది. మామది తాండూరులో టెంట్ హౌస్. ఆయన దగ్గర పనిచేసే ఎలక్ట్రీషియన్ అయ్యప్ప మాల వేసుకుని శబరిమల పోయాడు.

"అల్లుడా, నీ గిటారోళ్లే వస్తున్నరంట," అని ఫోన్ చేశాడు మామ. "ఒక్కదినం లీవు పెట్టు. కరెంటు నువ్వు చూస్కో. పాటలు వినుకుంట పని జేస్తవ్."

"మామా, స్టేజీ దగ్గరికి రానిస్తరా నన్ను?"

"నువ్వు లేకుంటే స్టేజీల లైటే ఎలుగదు. ఇంక రానిచ్చుడేంది?"

రాత్రే సామాను జాబితా రాసుకున్నాను. ముప్పై ఆరు వస్తువులు. ఆయన ఎదురుపడితే చెప్పాల్సిన మాటలు కూడా రాసుకున్నాను. నాలుగు వాక్యాలు. ఐదోది కొట్టేశాను, ఎక్కువైందని.

కాలేజీ మైదానం చివర స్టేజీ, దాని వెనక యాభై అడుగుల దూరంలో మోటారు గది, గది పక్కన బోరు. స్టేజీకి కరెంటు మోటారు గదిలోంచి తీసుకున్నాం. పాటల సౌండు సరిచేసే మిక్సరును మాత్రం హైదరాబాదు నుంచి వచ్చిన సౌండతను మైదానం అవతల, లైబ్రరీ ముందు పెట్టుకున్నాడు. దానికి కరెంటు లైబ్రరీలోంచి. అంటే స్టేజీ మీద గిటార్ల సౌండు వచ్చే బాక్సులు ఒక చోటి ఎర్త్‌కు, మిక్సరుకు వైరుతో కలిసే మైకులు ఇంకో చోటి ఎర్త్‌కు. నాకు అది తెలుసు. రెండూ మంచి ఎర్త్‌లైతే ఫరవా లేదనుకున్నాను.

ఎర్త్ అంటే తెలియనివాళ్లకు ఒక్క మాట. మిషన్‌లో ఎక్కడైనా వైరు తెగి కరెంటు పైరేకుకు తగిలితే, ఆ కరెంటు మనిషిలోంచి కాకుండా నేలలోకి పోవడానికి మనం ముందే వేసి పెట్టే దారి. దారి బాగుంటే అప్పటికప్పుడు బ్రేకరు పడిపోతుంది. దారి లేకపోతే కరెంటు ఆ రేకు మీదే కూర్చుని ఎవరు ముట్టుకుంటారా అని చూస్తుంది.

తాండూరులో ఆ దారి వెయ్యడం కష్టం. మట్టి జానెడు, కింద అంతా బండ. గడ్డపార దిగదు, ఎర్త్ కోసం కొట్టే ఇనుప రాడ్డు దిగదు. అందుకే మా దగ్గర పాలిష్ యూనిట్లన్నీ ఒకటే పని చేస్తాయి. బోరు ఇనుప కేసింగ్‌కు క్లాంపు బిగించి ఎర్త్ వైరు దానికి కట్టేస్తాయి. పైపు నీళ్లదాకా పోతుంది కదా, అంతకంటే మంచి ఎర్త్ ఏముంటుంది? నేను పని నేర్చుకున్నది అక్కడే. ఆ పొద్దున మోటారు గది పక్కన బోరు కనపడగానే నా చేతులు వాటంతటవే క్లాంపు తీశాయి. బోరు మూతి ఇనుపది, నల్ల రంగు వేసి ఉంది. బిగించాను. రెంచీతో ఇంకో చుట్టు తిప్పాను. నా జాబితాలో ఎర్త్ ఎదురుగా టిక్కు పెట్టాను.

సౌండతను వచ్చి అడిగాడు కూడా. "భయ్యా, ఎర్తింగ్ ఓకేనా? గిటార్లున్నాయి, మళ్లీ చెప్తున్నా."

"ఫస్ట్‌క్లాస్ ఉన్నదన్నా. బోరుకు కట్టిన."

బ్యాండ్ వ్యాను దారిలో ఆగిపోయిందని ఫోను వచ్చింది. మైకులను సౌండతనే ఒక్కొక్కటి పట్టుకుని "చెక్, చెక్" అని చూసుకున్నాడు. అతని చేతిలో గిటార్ లేదు. అందుకే ఏమీ తెలియలేదు. అంతకుముందే, మధ్యాహ్నం మూడు దాటాక, లైట్ల స్టాండును పక్కకు జరిపారు. దాని ఇనుప కాలు ఒక కేబుల్ మీద పడి తోలు కోసుకుపోయి, లోపలి తీగ స్టేజీ ఇనుముకు తగిలింది. అది నేను చూడలేదు. తర్వాత తెలిసింది.

దుమ్ము లేవకుండా కాలేజీ ఆయమ్మ పైపుతో మైదానం తడుపుతోంది. యాభై దాటిన మనిషి, చెప్పులు లేవు. స్టేజీ మెట్ల దగ్గర ఇనుప పట్టీ మీద చెయ్యి వేసి చటుక్కున తీసుకుంది.

"సారూ, గీ ఇనుము గుంజుతున్నది."

"చేతులు తడిగున్నయి కదమ్మా. గందుకే గట్లనిపిస్తది."

"తడి చేతులు నాకు రోజు ఉంటయి సారూ. రోజు గుంజదు."

నేను జవాబు చెప్పబోయాను. అప్పుడే గేటులోంచి తెల్ల వ్యాను లోపలికి వచ్చింది. పిల్లలంతా అటు పరుగెత్తారు. నేనూ అటే తిరిగాను. నా దగ్గర టెస్ట్ బల్బు ఉంది, జేబులో టెస్టరు ఉంది, చూడటానికి అర నిమిషం చాలు. చూడలేదు. వ్యాను తలుపు తెరుచుకుని ఆయన దిగుతుంటే చూశాను. వీడియోల్లో కంటే పొట్టిగా ఉన్నాడు. గడ్డం నెరిసింది. నీళ్ల సీసా అడిగాడు, ఎవరో ఇచ్చారు, తాగాడు. అంతసేపూ ఆయమ్మ మాట నా వెనకే నిలబడి ఉంది. నేను తిరగలేదు.

పావుగంట తర్వాత వాళ్లు స్టేజీ ఎక్కుతుంటే మామ నన్ను పిలిచాడు. "నీళ్లు స్టేజీ కిందికి వస్తున్నయి. పోయి మోటరు బందు చెయ్."

మోటారు గదికి పరుగెత్తాను. బోరు దగ్గర పైపు జాయింటు కారుతోంది. ఆ నీళ్లు పొద్దుటి నుంచి బోరు చుట్టూ ఉన్న ఎర్రమట్టిని కొద్దికొద్దిగా కోసుకుపోయాయి. నేను క్లాంపు బిగించిన ఇనుప మూతి కింద, రెండు వేళ్ల మందాన, నీలం రంగు కనపడింది. వంగి మట్టి గీకాను. ప్లాస్టిక్. కిందికంతా ప్లాస్టిక్ కేసింగ్, పైన ఇనుప టోపీ. నేను స్టేజీ మొత్తాన్ని ఒక టోపీకి కట్టాను.

ఆయమ్మ చెయ్యి తీసుకోవడం కళ్ల ముందు కదిలింది.

టెస్ట్ బల్బు తీశాను. ఒక వైరు స్టేజీ నుంచి వచ్చిన ఎర్త్‌కు పెట్టాను. రెండో వైరు స్క్రూడ్రైవరుకు చుట్టి తడి మట్టిలో గుచ్చాను. బల్బు వెలిగింది. మిణుకు మిణుకుమని కాదు, ఇంట్లో వెలిగినట్టు వెలిగింది.

అంటే స్టేజీ ఇనుము, గిటార్ బాక్సులు, వాటికి వైరుతో కలిసిన గిటార్ తీగలు అన్నింటిలో కరెంటు ఉంది. పైన నిలబడ్డ నలుగురికీ తెలియదు. కాళ్ల కింద చెక్కలు, తివాచీ. తీగ మీద వాలిన పిట్టకు షాక్ కొట్టదు, ఇంకో తీగను ముట్టుకునేదాకా. స్టేజీ మీద ఇంకో తీగ ఒక్కటే ఉంది. లైబ్రరీ ఎర్త్‌తో కలిసి ఉన్న మైకు.

అప్పుడు గిటార్ మొదలైంది. ట్రాక్ ఒకటి.

ఇక్కడ నిజం రాయాలి. మెయిన్ స్విచ్ నా చేతికి మూడడుగుల దూరంలో ఉంది. నిమిషం యాభై సెకన్లు ఉన్నాయని నాకు తెలుసు. నేను వెంటనే ఆపలేదు. ముందు బల్బును అనుమానించాను. మళ్లీ పెట్టి చూశాను, మళ్లీ వెలిగింది. తర్వాత మామ గురించి ఆలోచించాను. మైదానం నిండా జనం, ముందు వరసలో ప్రిన్సిపాల్. ఆ తర్వాత ఆలోచించింది కూడా కాదు. విన్నాను. ఇన్నేళ్లు ఇయర్‌ఫోన్లలో విన్న గిటార్ గది గోడల్లోంచి వచ్చి నా ఛాతీకి తగిలింది, నేను విన్నాను. ఎన్ని సెకన్లో చెప్పగలను. వేళ్లతో లెక్కపెడుతూనే ఉన్నాను కాబట్టి. డెబ్బై ఒకటి.

స్విచ్ కిందికి లాగాను.

గిటార్ సగంలో తెగిపోయింది. తర్వాత ఈలలు, అరుపులు. మామ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు.

"ఏం జేసినవ్ రా?"

"స్టేజీల కరెంటున్నది మామా. పాడేటాయన మైకు వట్టుకుంటే పోతడు."

"ఎవ్వలన్నరు?"

"బల్బు ఎలిగింది. ఎర్త్ లేదు. గిది ప్లాస్టిక్ కేసింగ్."

మామ బోరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, గొంతు తగ్గించాడు. "పీజు వోయిందని చెప్పు. ఇంకేం అనకు. మెల్లగ చేసుకుందాం." ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ల నుంచి ఆ జిల్లాలో పెళ్లిళ్లకు, సభలకు పందిళ్లు వేస్తున్నాడు. ఆయన పందిట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అది పోతుందని భయం.

నేను ఏదైనా అనేలోపు సౌండతను వచ్చాడు. అతని వెనకే ఆయన, మెడలో గిటార్‌తోనే.

"ఏమైంది బ్రదర్?" అన్నాడు ఆయన.

మామ నోరు తెరిచాడు. నేను ముందే చెప్పేశాను. రెండు ఎర్త్‌లు, ప్లాస్టిక్ పైపు, బల్బు. సగంలోనే సౌండతను మోటారు గది గడప మీద కూలబడ్డాడు. ఆయనకు మాత్రం నా మాటలు సరిగా అర్థం కాలేదు. సౌండతని ముఖం చూసి అర్థమైంది.

"ఎవరు కట్టారు ఎర్త్?"

మామ నేల చూస్తున్నాడు.

"నేనే అన్నా."

రాసుకున్న నాలుగు వాక్యాల్లో ఇది లేదు. కానీ నేను ఆలోచించి ఆయనతో అన్న మొదటి మాట ఇదే.

"కట్టింది నువ్వే, ఆపింది నువ్వే," అన్నాడు. "బాగుచేసేది కూడా నువ్వేనా?"

"ఇంకెవరైనా ఉంటే వాళ్లతో చూపించుకోండన్నా. మంచిదే."

ఎవరూ లేరు. కాలేజీ ఎలక్ట్రీషియన్ కోట్‌పల్లిలో పెళ్లికి పోయాడు. పొద్దుటి నుంచి అతని గదిలో పెద్ద సుత్తి, పాత రాడ్లు ఉన్నాయి. ఎవరినీ అడగలేదు నేను. బయట జనం చప్పట్లు లయగా కొడుతున్నారు. ప్రిన్సిపాల్ పంపిన లెక్చరరు వచ్చి "ఎంతసేపు?" అన్నాడు. "ఇరవై నిమిషాలు సార్," అన్నాను. ఏ లెక్కతో అన్నానో తెలియదు.

కోసుకుపోయిన కేబుల్ దొరకడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. దాన్ని తీసేశాను. లైబ్రరీ ఎర్త్ నుంచి మైదానం అంచు వెంట వైరు లాగి స్టేజీకి కలిపాను, గిటార్లకూ మైకులకూ ఒకటే ఎర్త్ ఉండేలా. అది చాలని పుస్తకం చెప్తుంది. నాకు చాలలేదు. మోటారు గది వెనక రాడ్డు నిలబెట్టి సుత్తితో కొట్టాను. తాండూరులో అయితే రెండో దెబ్బకు సుత్తి ఎగిరి మొహానికి వస్తుంది. ఇక్కడ తడిసిన మొరం నేల రాడ్డును మింగేసింది. ఆరు దెబ్బలు. ఆరంటే ఆరు. పొద్దున ఈ పని చెయ్యాలని నాకు తోచనే లేదు. నేలలోకి రాడ్డు దిగుతుందనే సంగతి నా చేతులకు తెలియదు. మూడు రాడ్లు కొట్టి ఎర్త్ వైరు వాటికి బిగించాను. ప్రతి దెబ్బకూ సిగ్గేసింది.

స్విచ్ వేశాను. బల్బు వెలగలేదు. స్టేజీ ఇనుముకు, మట్టికి మధ్య పెట్టాను. వెలగలేదు. గిటార్ తీగలకు, మైకుకు మధ్య పెట్టాను. వెలగలేదు. బల్బే మాడిపోయిందేమోనని ప్లగ్గులో పెట్టి చూశాను. వెలిగింది.

"అయిపోయిందన్నా," అన్నాను.

ఆయన గిటార్‌ను మెడలోంచి తీశాడు. "సరే. ముందు నువ్వు పట్టుకో."

మామ అడ్డం వచ్చాడు. "సామాను నాది సారూ. నేను వట్టుకుంట."

"నీకు బీపీ ఉన్నది మామా."

"బీపీకి, కరెంటుకు ఏం సంబంధంరా?"

"నువ్వు జరుగు."

స్టేజీ ఎక్కాను. జనం నన్ను చూసి, బ్యాండ్ మనిషి కాదని తెలిసి, ఊళలు పెట్టారు. గిటార్ మెడలో వేసుకున్నాను. నేను అనుకున్నదానికంటే చాలా బరువుంది. పనిలో మాకు ఒక అలవాటు ఉంటుంది. అనుమానం ఉన్న ఇనుమును వేళ్ల వెనక వైపుతో ముట్టుకుంటాం. కరెంటుంటే వేళ్లు ముడుచుకుని దూరం వస్తాయి. అరచేత్తో పట్టుకుంటే ముడుచుకుని అక్కడే బిగుసుకుపోతాయి, మనం వదలాలన్నా వదలవు. నేను వేళ్ల వెనక వైపు తీగలకు ఆనించి, రెండో చెయ్యి వెనక వైపు మైకు దగ్గరికి తీసుకెళ్లాను.

"అట్లా కాదు," అన్నాడు ఆయన మెల్లగా. "నేను ఎట్లా పట్టుకుంటానో తెలుసా నీకు?"

"తెలుసన్నా."

"అట్లా పట్టుకో."

ఎడమ అరచేత్తో ఆరు తీగలనూ అదిమాను. స్పీకర్లలో ధబ్‌మని మోగింది. కుడిచెయ్యి చాపాను. మైకుకు, నా చేతికి మధ్య బెత్తెడు దూరం. ఆ ఒక్క కేబులే తెగిందా? స్టాండు కింద ఇంకోటి ఉందా? చూశానా? చూశాను. రెండుసార్లు చూశాను. పొద్దున కూడా టిక్కు పెట్టాను. నా టిక్కు మీద నాకు నమ్మకం పోయి అరగంటయింది. ఊళలు ఆగిపోయాయి. ఏం జరుగుతోందో తెలియకపోయినా నా ముఖం చూసి ఆగిపోయి ఉంటారు.

మైకు పట్టుకున్నాను. పిడికిలి బిగించాను. పెదాలు ఆనించాను. చల్లగా, ఇనుము వాసన వేసింది. నా ఊపిరి మైదానమంతా వినపడింది.

ఏమీ కాలేదు.

పది దాకా లెక్కపెట్టి పిడికిలి విప్పాను. ఆయన గిటార్ తీసుకుని పట్టీ సరిచేసుకుంటూ, "చెమట తుడుచుకో," అన్నాడు. కృతజ్ఞత లేదు, కోపం కూడా లేదు. దిగిపోయాను.

మెట్ల పక్కన, స్టేజీకి ఎడమవైపు నిలబడ్డాను. ఆయన పాటను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. గిటార్ ఒక్కటే. తర్వాత తీగలు అదిమి, మైకు పట్టుకుని పాడటం మొదలుపెట్టాడు.

ఎట్లా పాడాడని తర్వాత చాలామంది అడిగారు. నాకు తెలియదు. గొంతు బాగుందా, డ్రమ్ములు సరిగ్గా పడ్డాయా, చివరి చరణం తర్వాత వీడియోల్లో లాగే ఆగాడా, ఏదీ నాకు గుర్తులేదు. నోటుబుక్కులో ఆ రోజు వరసలో తేదీ, ఊరు రాసి మిగతా గడులు ఖాళీగా వదిలేశాను. నేను చూసింది ఆయన ఎడమ చెయ్యి ఒక్కటే. కరెంటు పట్టిన చెయ్యి విచ్చుకోదు. ఆ వేళ్లు తీగల మీద పడ్డ ప్రతిసారీ నా ఊపిరి ఆగింది, లేచిన ప్రతిసారీ వదిలాను. మొదటి పాట అయిపోయింది. జనం అరిచారు. రెండోది మొదలైంది. వేళ్లు లేస్తున్నాయి, పడుతున్నాయి, లేస్తున్నాయి.